సైలెన్సర్ మార్చాను, ఇప్పుడు ఈసీయూ కూడా రీమ్యాప్ చేయించాలా?

ప్రశ్న: నాది 400 సీసీ సింగిల్ సిలిండర్ బండి, ఫ్యూయల్ ఇంజెక్షన్. కొని ఏడాదిన్నర అయింది, వారంటీ ఇంకా ఉంది. ఈమధ్య సైలెన్సర్ మార్చాను. దాంతోపాటు పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉన్న మధ్య పైపు తీసేసి ఖాళీ పైపు వేశారు. ఎయిర్ ఫిల్టర్ కూడా కడిగి మళ్లీ వాడుకునే రకం వేయించాను. అప్పటి నుంచి యాక్సిలరేటర్ వదిలితే చాలు, వెనక టపటపా పేలుతోంది. కొత్త పైపు నీలం తిరిగింది. 3000 ఆర్‌పీఎం దగ్గర నిదానంగా పోతుంటే బండి లాగి వదిలినట్టు కుదుపుతోంది (ఇది మొదట్నుంచీ కొంచెం ఉంది, ఇప్పుడు ఎక్కువైందేమో అనిపిస్తోంది). ‘లీన్ అయిపోయింది, అంటే గాలికి సరిపడా పెట్రోలు పడట్లేదు, రీమ్యాప్ చేయించకపోతే పిస్టన్ కాలిపోతుంది’ అని ఫ్రెండ్స్ భయపెడుతున్నారు. ఒక ట్యూనర్ రెడీగా ఉన్న ఫైల్ అరగంటలో ఎక్కిస్తానంటున్నాడు, పవర్ 15 శాతం పెరుగుతుందట. ఇంకొకాయన ఈసీయూ జోలికి పోవద్దు, విడిగా ఒక బాక్స్ పెట్టుకోమంటున్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది. అసలు ఏదైనా అవసరమా?

సమాధానం: ఇప్పుడే ఏదీ చేయించకండి. రీమ్యాప్ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ అయిన ఈసీయూలోని లెక్కలు మార్చి రాయడం) అవసరం లేదని కాదు, ఉండొచ్చు. కానీ మీరు రాసిన మూడు లక్షణాల్లో ఒక్కటి కూడా ఆ సంగతి తేల్చదు. దాన్ని తేల్చే అంకె వేరే ఉంది, అది మీ దగ్గర ఇంకా లేదు. అది చేతికి రాకముందే ఫైల్ ఎక్కించడం అంటే జ్వరం ఎంతుందో చూడకుండా ఇంజెక్షన్ చేయడమే.

ముందు మీ బండి ఈసీయూ పెట్రోలు ఎలా కొలుస్తుందో చూద్దాం, మిగతా సందేహాలు సగం అక్కడే తీరిపోతాయి. దాని లోపల ఒక పట్టిక ఉంటుంది. ఒకవైపు ఆర్‌పీఎం, ఇంకోవైపు థ్రాటిల్ ఎంత తెరిచారు అన్నది. ఆ గడిలో ఎంత రాసి ఉంటే పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్‌ను అన్ని మిల్లీసెకన్లు తెరుస్తుంది. కొన్ని బండ్లలో థ్రాటిల్ బదులు ఇన్‌టేక్ పైపులో గాలి పీడనం చూస్తుంది. చాలా బండ్లు థ్రాటిల్ కొంచెం తెరిచినప్పుడు పీడనాన్ని, ఎక్కువ తెరిచినప్పుడు థ్రాటిల్ కోణాన్ని చూస్తాయి. చాలా కార్లలో లోపలికి వెళ్లే గాలిని నేరుగా కొలిచే సెన్సర్ ఉంటుంది. బైకుల్లో అది దాదాపు ఉండదు. ‘ఇంత తెరిస్తే ఇంత గాలి వస్తుంది’ అని ఫ్యాక్టరీలో ఆ సైలెన్సర్‌తో, ఆ ఫిల్టర్‌తో పరీక్షించి రాసిపెట్టుకున్న లెక్క అది. మీరు గాలి దారి మార్చినా ఈసీయూ పాత లెక్క ప్రకారమే పెట్రోలు పోస్తుంది.

మరి అది తన తప్పు ఎప్పుడూ చూసుకోదా అంటే, సగం సమయం చూసుకుంటుంది. ఎగ్జాస్ట్ పైపులో ఉండే ఆక్సిజన్ సెన్సర్ పని అదే. మీరు ఒకే వేగంతో, థ్రాటిల్ కొంచెమే తెరిచి పోతున్నప్పుడు ఆ సెన్సర్ కాలిన గాలిలో ఆక్సిజన్ మిగిలిందా లేదా అని చూసి చెబుతుంది. దాన్ని బట్టి ఈసీయూ పెట్రోలు పెంచుతూ తగ్గిస్తూ మిశ్రమాన్ని 14.7 దగ్గర నిలుపుతుంది, అంటే 1 వంతు పెట్రోలుకు 14.7 వంతుల గాలి, బరువులో. అంటే ఈ ప్రాంతంలో మీ కొత్త ఫిల్టర్, కొత్త పైపు తెచ్చిన తేడాను బండి చాలావరకు తనే సరిచేసుకుంటుంది. కొన్ని ఈసీయూలు ఆ సవరణను గుర్తు కూడా పెట్టుకుంటాయి.

చిక్కంతా మీరు యాక్సిలరేటర్ గట్టిగా తిప్పినప్పుడు. అప్పుడు ఈసీయూ సెన్సర్ మాట వినదు, ఎందుకంటే మామూలు సెన్సర్‌కు 14.7కి ఇటా అటా అన్నది మాత్రమే తెలుస్తుంది. సుమారు 0.45 వోల్టుల పైన ఉంటే రిచ్ (పెట్రోలు ఎక్కువ), కింద ఉంటే లీన్, అంతే. ఎంత రిచ్, ఎంత లీన్ అన్నది సరిగ్గా చెప్పలేదు. గట్టిగా లాగేటప్పుడు ఇంజిన్‌కు కావలసింది 12.5 నుంచి 13.2 మధ్య మిశ్రమం. పవర్ అక్కడే ఎక్కువ, ఆ అదనపు పెట్రోలు లోపల కాస్త చల్లబరుస్తుంది కూడా. ఈ ప్రాంతంలో పట్టికలో ఏది రాసి ఉంటే అదే నడుస్తుంది. కాబట్టి మీ ప్రశ్న నిజానికి ఇది: ఫుల్ థ్రాటిల్‌లో, ఎవరూ సరిచూడని చోట, నా బండి మిశ్రమం ఇప్పుడు ఎంత?

చిన్న లెక్క చూడండి. ఫ్యాక్టరీ 13 దగ్గర పెట్టిందనుకుందాం. మీ మార్పుల వల్ల గాలి 5 శాతం పెరిగితే, పెట్రోలు అంతే ఉంది కాబట్టి మిశ్రమం 13.65 అవుతుంది. కొంచెం పలచబడుతుంది, కొంప మునగదు. 10 శాతం పెరిగితే 14.3. అది ఊరుకోదగ్గ సంగతి కాదు. మరి మీ బండిలో ఎంత పెరిగి ఉంటుంది? ఫ్యాక్టరీ ఎయిర్‌బాక్స్‌లోనే కూర్చునే ఫిల్టర్ మార్చినంత మాత్రాన 5 శాతం రావడం కష్టం. ఆ బాక్సులోకి గాలి వెళ్లే మూతి అలాగే ఉంది కదా, అడ్డు అదే. క్యాటలిటిక్ కన్వర్టర్ (క్యాట్) తీసేసిన పైపు సంగతి చెప్పలేం. అది ఏ ఆర్‌పీఎం దగ్గర ఎంత మారుస్తుందో ఒక్కో ఇంజిన్‌కు ఒక్కోలా ఉంటుంది, కొన్నిచోట్ల గాలి తగ్గవచ్చు కూడా. అందుకే కొలవమంటున్నాను.

ఇక మీ లక్షణాలు. యాక్సిలరేటర్ వదిలితే పేలడం చాలామందికి లీన్ అనడానికి తిరుగులేని సాక్ష్యం. కాదు. థ్రాటిల్ మూసినప్పుడు సిలిండర్‌లోకి గాలి సరిపోక కొంత పెట్రోలు కాలకుండానే బయటికి పోతుంది. వేడి పైపులో దానికి తాజా గాలి తగిలితే అంటుకుంటుంది. అదే ఆ టప్ టప్. ఫ్యాక్టరీ పైపులో క్యాట్ ఈ సరుకును చాలావరకు చప్పుడు లేకుండా కాల్చేసేది, మిగిలిన శబ్దాన్ని ఆ బరువైన సైలెన్సర్ మింగేసేది. ఇప్పుడు రెండూ లేవు. తాజా గాలి ఎక్కణ్ణుంచి వస్తుందంటే, కాలుష్యం తగ్గించడానికి కావాలనే ఎగ్జాస్ట్‌లోకి గాలి పంపే ఏర్పాటు చాలా బండ్లలో ఉంటుంది. రెండోది లీకైన జాయింటు. మీ విషయంలో నా అనుమానం మొదట దీని మీదే, ఎందుకంటే పైపు విప్పి బిగించాకే ఇది మొదలైంది.

ఇది ఇంట్లోనే చూసుకోవచ్చు. ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, ఆరుబయట, మధ్య పైపు రెండు చివరల జాయింట్ల మీద సబ్బు నీళ్లు రాయండి. బండి స్టార్ట్ చేసి, మందపాటి తడిగుడ్డ మడిచి సైలెన్సర్ మూతికి రెండు మూడు సెకన్లు సగం అడ్డం పెట్టమని ఇంకొకరికి చెప్పండి. లీకుంటే బుడగలు తేలతాయి, లేదా ‘చఫ్ చఫ్’మని వినిపిస్తుంది. అర నిమిషంలో పైపు వేడెక్కిపోతుంది, ఈలోపే కానిచ్చేయాలి. జాయింటు చుట్టూ నల్లటి మసి గీతలు కనిపిస్తే ఇంకే పరీక్షా అక్కర్లేదు. క్లాంపు బిగించి చూడండి. లోపలి గ్యాస్కెట్ పాతదే వేసి ఉంటే కొత్తది వేయించండి, ఒకసారి నలిగింది రెండోసారి సరిగ్గా కూర్చోదు. పని చేసినాయన సిలిండర్ హెడ్ దగ్గర కూడా విప్పి ఉంటే అక్కడి రింగు సంగతీ అంతే.

ఇంకో తమాషా ఉంది. ఆ లీకు ఆక్సిజన్ సెన్సర్‌కు ముందో, బాగా దగ్గరలోనో ఉంటే, బయటి గాలి లోపలికి పీల్చుకుని సెన్సర్‌కు తగులుతుంది. సెన్సర్ ‘లీన్’ అంటుంది, ఈసీయూ నమ్మి పెట్రోలు పెంచుతుంది. అంటే లీన్ అయిందని అందరూ బెంగపడుతున్న బండి నిజానికి రిచ్‌గా తిరుగుతూ మైలేజీ తినేస్తుంటుంది. ఇలాంటి బండికి లీకు చూడకుండా రీమ్యాప్ చేస్తే ఆ ట్యూనింగ్‌కు అర్థమే లేదు. అలాగే కొత్త పైపుకు సెన్సర్ బిగించే రంధ్రం ఉందో లేదో చూడండి. మీ బండికి సెన్సర్ మధ్య పైపులో ఉండి, కొత్త పైపుకు ఆ చోటు లేక దాన్ని ఊరికే వేలాడదీసి వదిలేసి ఉంటే, మీటర్లో ఇంజిన్ లైటు వెలుగుతూ ఉండాలి. మీరు ఆ మాట రాయలేదు కాబట్టి సెన్సర్ దాని చోటే ఉందనుకుంటున్నాను.

నీలం రంగు గురించి ఒక్క మాట చాలు. స్టెయిన్‌లెస్ స్టీలు 500, 600 డిగ్రీల సెల్సియస్ మధ్య నీలం తేలుతుంది, ఎగ్జాస్ట్ గ్యాసు మామూలుగానే అంత వేడి ఉంటుంది. ఫ్యాక్టరీ పైపులు చాలావాటికి రెండు పొరలుంటాయి కాబట్టి రంగు బయటికి కనిపించదు, మీ కొత్తదానికి ఒకటే పలచని పొర. వదిలేయండి.

కుదుపు కథ వేరు, మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే పనికొచ్చిన వాక్యం బ్రాకెట్లో పెట్టిందే. మొదట్నుంచీ ఉందంటే సైలెన్సర్ దానికి మూలం కాదు. పెద్ద సింగిల్ సిలిండర్ ఇంజిన్‌లో రెండు చుట్లకు ఒక్క పేలుడు. పై గేరులో తక్కువ ఆర్‌పీఎంతో పోతే ప్రతి పేలుడూ విడివిడిగా తెలుస్తుంది. పైగా ఆ వేగంలోనే ఈసీయూ 14.7 పట్టుకుని కూర్చుంటుంది, అది క్యాట్ కోసం పెట్టిన అంకె, మీ సుఖం కోసం కాదు. ముందు చైను వదులు మాన్యువల్‌లో రాసినంతే ఉందా చూడండి. వదులైన చైను ఈ కుదుపును రెండింతలు చేసి చూపిస్తుంది. మీది కేబుల్ థ్రాటిల్ అయితే పిడి దగ్గర ఉత్తినే తిరిగే ఖాళీ ఎంతుందో కూడా చూడండి. ఆ రెండూ సరిచేసి, అదే వేగంలో ఒక గేరు తగ్గించి నడిపి చూడండి. అప్పటికీ చిరాకు పెడితే, ఒప్పుకుంటాను, మంచి ట్యూనింగ్ దీన్ని నిజంగానే తగ్గించగలదు. ఆ కొన్ని గడుల్లో మిశ్రమాన్ని కొంచెం చిక్కగా చేస్తారు, బండి మెత్తగా పోతుంది, మైలేజీ కొంత తగ్గుతుంది. రీమ్యాప్ చేయించుకున్నవాళ్లు మురిసిపోయేది చాలాసార్లు దీనికే, పై చివర వచ్చే హార్స్‌పవర్‌కు కాదు.

పిస్టన్ కాలిపోతుందన్న భయం సంగతి. నిదానంగా పోతున్నప్పుడు కొంచెం లీన్ ఉన్నంత మాత్రాన ఏ పిస్టనూ కరగదు. ఇంజిన్ అంత తేలిగ్గా పనిచేస్తున్నప్పుడు అంత వేడే పుట్టదు. ప్రమాదం ఫుల్ థ్రాటిల్‌లో, ఎక్కువ సేపు లాగినప్పుడు, మిశ్రమం పలచగా ఉండి నాకింగ్ (సిలిండర్‌లో పెట్రోలు అదుపు తప్పి తనంతట తానే పేలడం) కూడా తోడైతేనే. అందుకే కొలిచే దాకా హైవే మీద పూర్తిగా తిప్పి లాగడం మానేయండి, మిగతా మామూలుగా నడుపుకోండి.

ఇప్పుడు కొలత. జాయింట్లు, చైను సరిచేశాక కొన్నాళ్లు మామూలుగా నడపండి, ఈసీయూ తన సవరణలు మళ్లీ సరిచేసుకుంటుంది. తర్వాత వైడ్‌బ్యాండ్ సెన్సర్ (ఎంత రిచ్, ఎంత లీన్ అన్నది కూడా చెప్పేది) ఉన్న డైనో (బండిని రోలర్ మీద నడిపి కొలిచే యంత్రం) దగ్గరికి వెళ్లండి. ‘ట్యూనింగ్ ఇప్పుడే కాదు, ముందు ఉన్నది ఉన్నట్టు కొలిచి కాగితం ఇవ్వండి’ అని అడగండి. దీనికి మొహం చిట్లించే చోట ట్యూనింగ్ కూడా చేయించవద్దు. వాళ్ల సెన్సర్‌ను వీలైతే పైపులో బిగించమనండి. పొట్టి సైలెన్సర్ మూతిలో గొట్టం దూర్చి కొలిస్తే తక్కువ ఆర్‌పీఎం దగ్గర బయటి గాలి వెనక్కి కలిసి, ఉన్నదానికంటే లీన్‌గా చూపిస్తుంది.

కాగితం మీద ల్యాంబ్డా అంకె (ఉన్న మిశ్రమాన్ని సమంగా కాలే మిశ్రమంతో భాగిస్తే వచ్చేది) అడగండి. పెట్రోలులో ఇథనాల్ కలిసేచోట 14.7 అన్న అంకే కిందికి జరుగుతుంది, 10 శాతం కలిస్తే అది సుమారు 14.1. ల్యాంబ్డాకు ఆ గొడవ లేదు, సమంగా కాలే మిశ్రమం ఏ పెట్రోలుకైనా 1. ఫుల్ థ్రాటిల్‌లో అంతటా 0.86, 0.90 మధ్య ఉంటే కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి వెళ్లిపోండి, మీకు ఏ ట్యూనింగూ అక్కర్లేదు. 0.95 దగ్గర తిరుగుతుంటే ట్యూనింగ్ చేయించడం మంచిది, కంగారు లేదు. 1 ముట్టుకుంటోందంటే తప్పకుండా చేయించాలి. నా అంచనా అడిగితే మీరు మొదటి రెండింటి మధ్య ఎక్కడో ఉంటారు, కానీ నా అంచనా మీద ఇంజిన్ నడపకండి.

15 శాతం పవర్ అన్న ఆయన్ని ఒక ప్రశ్న అడగండి: గాలి పెరగకుండా అంత పవర్ ఎక్కణ్ణుంచి వస్తుంది? ట్యూనింగ్ గాలిని తయారు చేయదు, వచ్చిన గాలికి సరిపడా పెట్రోలు, సరైన సమయానికి స్పార్కు ఇస్తుంది. టర్బో లేని, పెద్దగా మార్చని ఇంజిన్‌లో దానివల్ల గరిష్ఠ పవర్ పెరిగేది మామూలుగా కొద్ది శాతమే. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ ఉన్న కొన్ని బండ్లలో కంపెనీయే కింది గేర్లలో థ్రాటిల్ పూర్తిగా తెరుచుకోకుండా కట్టేస్తుంది, ఆ కట్టు విప్పితే పికప్ ఒక్కసారిగా మారినట్టుంటుంది. అది నిజమైన తేడానే, కాకపోతే ఇంజిన్ బలం కాదు. ముందూ వెనకా కొలతలు చూపిస్తానంటే ఒకే డైనో, ఒకే రోజు, ఒకే గేరు, ఒకే కరెక్షన్ పద్ధతి (వాతావరణాన్ని బట్టి అంకెను సర్దే లెక్క) అయి ఉండాలి. టైరులో గాలి మారినా ఆ అంకెలు అటూ ఇటూ అవుతాయి.

రెడీ ఫైల్ అంటేనే నాకు పడదు. అది వేరే బండి మీద, వేరే సైలెన్సర్‌తో, వేరే పెట్రోలుతో చేసింది. పెట్రోలు లెక్క అటూ ఇటూ అయినా సరిపెట్టుకోవచ్చు, స్పార్కు సంగతి అలా కాదు. ఎక్కువ ఆక్టేన్ పెట్రోలుకని స్పార్కును కొన్ని డిగ్రీలు ముందుకు జరిపిన ఫైల్‌ను మామూలు పెట్రోలు మీద నడిపితే నాకింగ్ వస్తుంది. ఈ సైజు బండ్లలో చాలావాటికి నాక్ సెన్సర్ ఉండదు, ఈసీయూకు తెలియదు. మీ కొత్త సైలెన్సర్ హోరులో, హెల్మెట్ లోపల మీకూ వినపడదు. కొన్ని ఫైళ్లు చెప్పకుండానే రెవ్ లిమిట్ (ఇంజిన్‌ను దాటనివ్వని ఆర్‌పీఎం హద్దు) పెంచేసి, ఆక్సిజన్ సెన్సర్‌ను ఆపేసి ఉంటాయి. ఏం మార్చారో గడి గడి చూపించలేని మనిషి దగ్గర చేయించకండి. ఎవరి దగ్గర చేయించినా మీ ఒరిజినల్ ఫైల్ ముందే చదివి కాపీ మీకివ్వాలి, ఎక్కించేటప్పుడు బ్యాటరీకి ఛార్జర్ తగిలించి ఉండాలి. మధ్యలో కరెంటు పడిపోతే ఈసీయూ మూగబోతుంది.

వారంటీ ఉందన్నారు కాబట్టి, కొలతలో నిజంగా లీన్ అని తేలితే మీకు రెండో ఆయన చెప్పిన బాక్సే నయం. అది ఈసీయూకూ ఇంజెక్టర్‌కూ మధ్య కూర్చుని ఇంజెక్టర్ తెరిచే సమయాన్ని మారుస్తుంది, ఈసీయూను ముట్టుకోదు, ఎప్పుడైనా ఊడదీయొచ్చు. ఫైల్ మారిస్తే కంపెనీ స్కానర్‌కు తెలిసిపోయే అవకాశముంది, తర్వాత సర్వీసులో వాళ్లు అప్‌డేట్ ఎక్కిస్తే మీ ట్యూనింగ్ ఎగిరిపోతుంది కూడా. బాక్సుతో చిక్కు ఒకటే. నిదానంగా పోయే ప్రాంతంలో బాక్సు పెట్రోలు పెంచితే, ఆక్సిజన్ సెన్సర్ చూసి ఈసీయూ తగ్గించేస్తుంది, ఇద్దరూ కుమ్ములాడుకుంటారు. మీకు కావలసింది ఫుల్ థ్రాటిల్ సవరణే అయితే కింది గడుల్లో సున్నా ఉంచి పైన మాత్రమే మార్చమనండి. కనెక్టర్లు నీళ్లు తగలని చోట కట్టించండి.

ఎవరూ చెప్పని మూడో దారి ఒకటుంది. ఆ ఖాళీ పైపు తీసి క్యాట్ ఉన్న పాత పైపు మళ్లీ వేసేయండి, కొత్త సైలెన్సర్ ఉంచుకోండి. క్యాట్ వెనక సైలెన్సర్ ఒక్కటే మారితే ఏ రీమ్యాపూ అవసరం పడకపోవడమే ఎక్కువ. పేలుళ్లు చాలావరకు పోతాయి. చాలా దేశాల్లో రోడ్డు మీద తిరిగే బండికి క్యాట్ తీసేయడం చట్టవిరుద్ధం, ఆ పైపు ఉంటే వారంటీ కింద ఇంజిన్ పని అడిగినప్పుడు కూడా వాదన మొదలవుతుంది, వీటిలో ఏదీ ట్యూనింగ్‌తో తీరదు. మీ చోట నేనుంటే ఇదే చేస్తాను. శబ్దం కొంచెం తగ్గుతుందని మీకు నచ్చకపోవచ్చు.

ముందుముందు క్యామ్‌షాఫ్ట్, పెద్ద పిస్టన్, ఎయిర్‌బాక్స్ తీసేసి పాడ్ ఫిల్టర్, బెండు పైపుతో సహా మొత్తం ఎగ్జాస్ట్, ఇలాంటివి అనుకుంటుంటే అప్పుడు చర్చే లేదు, ట్యూనింగ్ తప్పదు, అన్నీ వేశాక ఒకేసారి చేయించండి. స్ప్రాకెట్, ఇరిడియం ప్లగ్గు లాంటివాటికి మాత్రం ఎవరైనా రీమ్యాప్ అంటే లేచి వచ్చేయండి.

డైనోకు వెళ్తే ఫుల్ థ్రాటిల్ ఒక్కటే కాకుండా 20, 40, 60 శాతం దగ్గర కూడా గీత తీయించి ఆ కాగితం నాకు పంపండి. వెళ్లే ముందు జాయింట్లు బిగించారా, ఏ పెట్రోలు పోస్తున్నారు, ఇథనాల్ ఎంత అన్నది కూడా రాయండి, అవి లేకుండా ఆ గీతలు చదవలేను.